చెంగల్రాయుడి డైలాగు

చెంగల్రాయుడు కూతుర్ని బడి గేటు దాకా దించడం మానేసి చాలాకాలమైంది. మానింది అతను కాదు, మాన్పించింది తనుశ్రీ. బడికి ఇవతల మందుల షాపు మూల రాగానే తండ్రి వీపు మీద తట్టి, "ఇంగ చాలు నాయినా, నేను పొయ్యేస్తా" అని బండి దిగేసేది. ఎందుకంటే గేటు దగ్గర గుంపు ఎక్కువ అనేది. నాలుగో తరగతి పిల్లకు గుంపంటే అంత భయం ఎప్పుడు పుట్టిందబ్బా అనుకుంటూ అతను బండి తిప్పుకుని తిరువళ్లూరు పక్కన కాక్కళూరులో తను పనిచేసే గోడౌనుకు పోయేవాడు.

ఒకరోజు పిల్ల టిఫిన్ డబ్బా బండికే వేలాడుతూ ఉండిపోయింది. చూసుకుని వెనక్కి తిరిగి, గేటు దాకా వెళ్లి అందించాడు. పక్కనున్న పిల్లలు అతన్ని కిందనుంచి పైదాకా చూసి, ఎవరే ఇతను అని తమిళంలో అడిగారు. మా వీధి ఆటో అన్న అని తనుశ్రీ కూడా తమిళంలోనే చెప్పింది. డబ్బా తీసుకుని, తండ్రి మొహం వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

చెంగల్రాయుడికి ఆటో లేదు. ఉన్నా ఆ బాధ తగ్గేది కాదు. కాసేపు అక్కడే నిలబడి, వాచ్‌మన్ పొమ్మంటే పోయాడు. సాయంత్రం ఇంట్లో డబ్బా ఇచ్చేశానని మాత్రం చెప్పాడు.

మిగిలింది అతని భార్య శోభన పిల్ల నోటినుంచి రాబట్టింది. "బళ్లో దాన్ని కరుప్పి అంటాండారంట మామా. నల్లపిల్ల అని. అది ఎప్పట్నించో ఉండేదే. ముందు గేటు కాడ నిన్ను చూసిన పెద్దపిల్లోళ్లు ఆఫ్రికా అని పేరు పెట్టినారంట. అందుకే మూల కాడ దిగేస్తాంది."

చెంగల్రాయుడు నిజంగానే నలుపు. మనవాళ్లు నలుపుకు పెట్టుకున్నన్ని ముద్దుపేర్లు దేవుళ్లకు కూడా పెట్టుకోలేదు. చామనఛాయ అంటారు, కాస్త రంగు తక్కువంటారు, కళగల మొహమంటారు. వాటిలో ఏ ఒక్కటీ ఇతనికి అతకదు. ఆరడుగుల మనిషి, ఒత్తుగా ఉంగరాలు తిరిగిన జుట్టు, వెడల్పాటి ముక్కు. కూతురు అచ్చం అతని పోలికే. ఎప్పుడైనా దాన్ని ఎత్తుకుని ముద్దాడితే, కాకిపిల్ల కాకికి ముద్దు అని వీధిలో ఎవరో ఒకరు అననే అనేవారు. అతనూ నవ్వేసేవాడు. చిన్నప్పటినుంచి అలవాటైన నవ్వు అది, అడక్కముందే వచ్చేస్తుంది.

పేరు మాత్రం గొప్పది. తిరుత్తణి కొండమీది మురుగస్వామికి చెంగల్వరాయుడని ఇంకో పేరు. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో కొడుకు పుడితే ఆ పేరు పెట్టుకోవడం తాతల నాటి ఆనవాయితీ. కడంబత్తూరులో కూలిపని చేసుకునే తల్లి కూడా అలాగే పెట్టుకుంది. బిడ్డ సంగతి తెలిశాక చెంగల్రాయుడు ఆ స్వామికే మొక్కుకున్నాడు. "సామీ, నా బిడ్డ నన్ను నాయినా అని నలుగురిలో పిలవల్ల. ఆడి కృత్తికకు వచ్చి తలనీలాలు ఇచ్చుకుంటా." ఇంతకన్నా పెద్ద కోరికలు కోరేవాళ్లు కొండమీద కోకొల్లలు. ఇదేమంత కష్టమని అతను అనుకున్నాడు.

కొండమీద ఏటా జరిగే పెద్ద పండగ ఆడి కృత్తిక. ఆ నాడు శోభనకు ఫ్యాక్టరీలో షిఫ్టు పడింది. తనుశ్రీ రానంది. ఒక్కడే రైలెక్కి తిరుత్తణిలో దిగాడు. పండగ రోజుల్లో స్టేషన్ బయట ధర్మసంఘాలవాళ్లు నిలబడి భక్తులకు మజ్జిగ పోస్తారు, ముసలీముతకను వ్యాన్లలో కొండ దగ్గరికి చేరుస్తారు. అందుకే తెల్లచొక్కా వేసుకున్న బట్టతలాయన ఒకడు జనంలోంచి తోసుకుంటూ వచ్చి, "వెల్కమ్ సార్, కమ్ సార్" అంటూ సంచి అందుకుంటే చెంగల్రాయుడు అనుమానపడలేదు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని సార్ అన్నవాడు లేడు, సంచి మోసినవాడు అసలే లేడు. మురుగా, నీ కొండ దగ్గర ఎంత మర్యాద అనుకుంటూ ఏసీ వ్యాను ఎక్కి కూర్చున్నాడు. బట్టతలాయన కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు. దారిపొడుగునా ఇంగ్లీషులో ఏదో చెబుతూనే ఉన్నాడు. పుణ్యానికి వ్యాను ఎక్కించుకున్నవాళ్లను మీదే భాష అని అడగడం బాగుండదని, ఇతను తల ఊపుతూనే ఉన్నాడు.

వ్యాను కొండకు పోకుండా ఒక పాత మేడ ముందు ఆగింది. లోపల లైట్లు, గొడుగులు, వైర్లు. ఒకడు వచ్చి మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఈయనకు మేకప్పే అక్కర్లేదు సార్" అన్నాడు. అందరూ తృప్తిగా చూశారు. ఎంత సేపటికీ మంగలి కనబడకపోయేసరికి చెంగల్రాయుడు ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు.

"అయ్యా, గుండు కొట్టేది యాడ?"

మేడంతా గప్‌చుప్ అయింది. బట్టతలాయన పేరు బాలసుబ్రమణ్యం, సినిమా మేనేజరు. ఆయన చేతిలో ఇంకా చెంగల్రాయుడి సంచే ఉంది. దాన్ని నేలమీద పెట్టేసి, "తెలుగా?" అన్నాడు. అంతవరకూ ఉన్న సార్ ఆ తర్వాత మళ్లీ వినబడలేదు.

జరిగిందేమిటంటే, వాళ్లొక తమిళ హాస్య సినిమా తీస్తున్నారు. పండగ జనం ఉత్త పుణ్యానికి దొరుకుతారని ఆ రోజే పెట్టుకున్నారు. అందులో ఆఫ్రికావాడి వేషానికి చెన్నైలో చదువుకుంటున్న ఒక ఆఫ్రికా కుర్రవాణ్ణి మాట్లాడుకున్నారు. అతను ఆ రైలుకే రావాలి. రాలేదు. ఆ గొడవలోనే ఫోన్ వచ్చింది. సీను కాగితాలు చదివానని, తను రానని, ఇంకెవరూ రాకుండా ఉంటే బాగుండునని ఆ కుర్రవాడు చెప్పాడట. "చదివినవాణ్ణి పిలిస్తే ఇదే చిక్కు" అన్నాడు బాలసుబ్రమణ్యం.

చెంగల్రాయుడికి ఒళ్లు మండింది. "నన్ను చూస్తే ఆఫ్రికావాని లెక్క ఉండానా? కండ్లు కనపడవా మీకు?" అని సంచి అందుకున్నాడు. దాచడమెందుకు, తనను మనిషిగా చూడలేదన్న కోపం కాదది, తనను వాళ్లలో కలిపారన్న కోపం. తనకన్నా నల్లనివాళ్లు, తనకన్నా తక్కువవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నారన్న ఊరట ఒక్కటే ఇన్నాళ్లూ అతనికి మిగిలింది. దాన్నీ ఆ రోజు లాగేసుకున్నారు.

గుమ్మం దగ్గర అడ్డుపడినవాడు దినకర్. సినిమా తీస్తున్నది అతనే. తిరుత్తణి బజారులో బట్టల కొట్టున్న తెలుగు కుటుంబం పిల్లవాడు, గడ్డం ఇంకా సరిగా రాలేదు.

"అన్నా, కోపగించుకోవద్దు. నా కథే ఇది. ఇప్పుడు నీకు జరిగినాదే," అన్నాడు. "ఒక వ్యాపారం ఇంటోళ్లు మేడ పైభాగం అద్దెకిస్తారు. వచ్చినాయన నల్లగా ఉండాడని ఆఫ్రికావాడు అనుకుంటారు. బీరువాలకు తాళాలేసుకుంటారు, సైగలతో మాట్లాడతారు, పోలీసును పిలుస్తారు. జనం వాళ్లను చూసి నవ్వల్ల, నిన్ను చూసి కాదు. చివర్న నువ్వు నోరు తెరిచి, నేను ఈ ఊరోణ్ణే అంటావు. అంతే. వాళ్ల మొహాలు యాడ పెట్టుకోవాల్నో తెలీక చస్తారు."

"నేనే అంటానా?"

"నువ్వేనన్నా. నీ పేరేమి?"

చెప్పాడు. దినకర్ నవ్వడం ఆపేశాడు. "మా తాత పేరూ అదే. కొండమీది సామి పేరు. ఇదే పెడతాం. తెలుగులోనే చెప్పు, నీ నోటికి ఎట్లొస్తే అట్ల." అక్కడే నిలబడి ఒక కాగితం మీద తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాసి చూపించాడు. నా పేరు చెంగల్రాయుడు. ఈ కొండమీది సామి పేరే నాకు పెట్టినారు. మాదీ ఈ గడ్డే.

చెంగల్రాయుడు ఆ మాటల్ని పెదాలతో ఒకసారి అనుకుని చూశాడు. అతనికి మేడ కనిపించలేదు, లైట్లు కనిపించలేదు. బడి గేటు కనిపించింది. ఆ గేటు దగ్గర పిల్లలందరూ ఈ మాట వినేసి ఉంటారు. ఆ తర్వాత తనుశ్రీ ఇంకేం దాస్తుంది? సంచి కింద పెట్టాడు.

"జుట్టు మాత్రం తీయొద్దన్నా, సినిమా అయ్యేదాకా" అన్నాడు దినకర్. చెంగల్రాయుడు బయటికొచ్చి కొండవైపు చూసి చెంపలేసుకున్నాడు. కొంచెం ఓర్చుకో సామీ, నువ్వే కదా ఈ దారి చూపించినావు అనుకున్నాడు.

గోడౌన్లో సెలవు పెట్టి నటించాడు. నటన అంటే పెద్ద పనేం లేదు. మెట్ల మీద హఠాత్తుగా కనబడాలి, ముసలావిడ జడుసుకోవాలి. గిన్నెడు అన్నం తినాలి, ఇంటివాళ్లు నోరు తెరుచుకుని చూడాలి. మాట్లాడాల్సి వస్తే నోరు ఆడిస్తే చాలన్నారు, ఏదైనా అనొచ్చు, ఒకటి రెండు మూడు లెక్కపెట్టినా సరే. శబ్దం ఇక్కడ పట్టరు, తర్వాత చెన్నైలో గొంతు కలుపుతారు. ఇతనికి లెక్కపెట్టడం మరీ పిల్లచేష్టగా తోచి, తిరువళ్లూరు నుంచి వరసగా రైల్వే స్టేషన్ల పేర్లు చదివేవాడు. మంత్రం చదువుతున్నంత హుందాగా అరక్కోణం అనేవాడు. అందరూ పడిపడి నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నది నిజమే గానీ, ఈ ఎలుకకు చివరి మాట మీద నమ్మకం ఉంది, అందుకని అదీ నవ్వింది.

ఆ చివరి మాట చెప్పిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. కెమెరా దగ్గరికి తెచ్చి మొహమొక్కటే తీశారు. చెంగల్రాయుడు ఇంట్లో గిన్నెలు తోముతున్న శోభన ముందు, గోడౌన్లో మూటల ముందు చెప్పి చెప్పి నలిగిన మాటలు అవి. అయినా ఆ క్షణాన అప్పుడే పుట్టినట్టు వచ్చాయి. నా పేరు చెంగల్రాయుడు. చెప్పి ఆగాక కూడా కట్ అనడం మరిచిపోయాడు దినకర్. అవ్వ వేషం వేసిన ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. దినకర్ వచ్చి కావలించుకున్నాడు. చెంగల్రాయుడి జీవితంలో అంత మంచి రోజు ముందు లేదు, తర్వాతా రాలేదు.

ఇంటికొచ్చి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని సంగతంతా చెప్పాడు.

"నువ్వు హీరోనా నాయినా?"

"కాదు పాపా. కామెడీ. కానీ ఆఖర్న ఒక డైలాగుంది. మన పేరు, మన ఊరు చెప్తా."

"అందురికీ వినపడుతుందా?"

"థియేటరంతా వినపడుతుంది."

తనుశ్రీ చాలాసేపు ఆలోచించింది. అంత చిన్న మొహంలో అంత లెక్క చూసి తండ్రికి భయమేసింది. చివరికి, "సరే, సినిమా వచ్చినాక గేటు దాకా రా" అంది. అదే ఒప్పందం. శోభన మాత్రం పెదవి విరిచింది. "వాళ్లను నమ్మొద్దు మామా. నిన్ను చూసి ఏరుకున్నోళ్లు నీ మాట వినేదానికి ఏరుకోలేదు." ఆడది చెప్పిన మాటలో నిజముందని తెలిసినా మగవాడు వినడు, ఆశపడ్డ మగవాడు అసలే వినడు.

గొంతు ఇవ్వడానికి చెన్నైకి పిలుస్తామన్నారు. చెంగల్రాయుడు ఎదురుచూశాడు. చల్లనీళ్లు తాగడం మానేశాడు, గొంతు పాడవుతుందని. దినకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. దీపావళి కూడా వెళ్లాక బాలసుబ్రమణ్యం దొరికాడు.

"అది అప్పుడే అయిపోయిందిప్పా. మా ఆర్టిస్టు ఒకడు చెప్పేశాడు. అచ్చం నీ గొంతే."

"ఆఖరి డైలాగు గూడా చెప్పినాడా సార్? తెలుగుది?"

"అంతా ఉంది, అంతా ఉంది. సినిమా చూసుకో పో."

మనసు చివుక్కుమంది. అయినా సర్దుకున్నాడు. గొంతు ఎవరిదైతేనేం, మాట తనదే, పేరు తనదే, మొహం తనదే. ముప్పాతిక వంతు దక్కిందిగదా అని శోభనతో అన్నాడు.

సినిమా శుక్రవారం వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆటకు ముగ్గురూ తిరువళ్లూరులోనే థియేటరుకు వెళ్లారు. తనుశ్రీ బళ్లో ముందే చెప్పేసినట్టుంది, దర్శిని, కవిప్రియ అని ఇద్దరు పిల్లలు ఇంటివాళ్లతో వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. తనుశ్రీ వాళ్ల జడలు చూస్తూ కుర్చీ అంచున కూర్చుంది. కొత్త గౌను వేసుకుంది.

మెట్ల మీద చెంగల్రాయుడు కనబడ్డాడు. అంతే, ఇంకా ఏమీ చేయకముందే హాలు గొల్లుమంది. ముసలావిడ జడుసుకోవడం తర్వాత జరిగింది. దినకర్ చెప్పిన లెక్క అక్కడే తప్పింది. జనం ఆ ఇంటివాళ్లను చూసి నవ్వడం లేదు, ఆ ఇంటివాళ్లతో కలిసి నవ్వుతున్నారు. తెర మీద అతను నోరు తెరిచాడు. అరక్కోణం, తిరుత్తణి రావలసిన చోట "గుంబలా బుంబలా గుంబా" అని వచ్చింది. ఎవరో గొంతు బొంగురు చేసుకుని అరిచిన కూత అది. హాలు ఈలలు వేసింది. శోభన చేయి చీకట్లో వచ్చి అతని చేతిని పట్టుకుంది.

"ఆఖర్న ఉంది. ఆఖర్న చూడు," అన్నాడు అతను.

ఇంటర్వెల్‌లో బయటికి పోలేదు. రెండో సగమంతా తెరను చూడకుండా ఆఖరు కోసమే కూర్చున్నాడు. పోలీసు వచ్చాడు, ఇంటివాళ్లు గుమిగూడారు, కెమెరా దగ్గరికొచ్చింది. తెరంత మొహం. తన మొహమే. చెమట చుక్క, తడిసిన కళ్లు, అన్నీ ఆ రోజువే. పెదాలు కదిలాయి. ఆ పెదాలు ఏమంటున్నాయో ఆ హాల్లో అతనికి తెలుసు, శోభనకు తెలుసు. నా పేరు చెంగల్రాయుడు.

"గుంబలా బుంబలా. గుంబా గుంబలా" అని వినబడింది.

తెర మీద హీరో స్నేహితుడు జనం వైపు తిరిగి, అమావాస్య నాడు మా అమ్మ కూడా నన్ను టార్చిలైటు వేసి వెతుక్కుంటుంది అంటున్నాడు అని తర్జుమా చెప్పాడు. హాలు కుర్చీల మీదినుంచి లేచి నవ్వింది. పేర్లు పడుతున్నా నవ్వుతూనే ఉంది. పేర్లలో ఇతని పేరు లేదు. ఆఫ్రికావాడు అన్న చోట పక్కన ఖాళీగా కూడా వదల్లేదు, ఆ వరసే లేదు.

చెంగల్రాయుడు తల ఎత్తలేకపోయాడు. నలుగురి ముందు తనను నగ్నంగా నిలబెట్టినట్టయింది, అదీ కూతురి పక్కన. తను అన్న మాటే తన నోట్లోంచి ఎవరో లాగేసి, ఆ ఖాళీలో చెత్త కుక్కారు. పక్కకు తిరిగి పిల్లకు ఏదో ఒకటి చెబుదామనుకున్నాడు. నేను అట్ల చెప్పలేదు పాపా అని, వాళ్లు మార్చేసినారు అని.

తనుశ్రీ అతని వైపు చూడటం లేదు. ముందు వరసలో దర్శిని, కవిప్రియ వెనక్కి తిరిగి, కుర్చీల మీద మోకాళ్లేసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వుతూ చేతులూపుతున్నారు. ఉంగప్పావా, మీ నాన్నేనా అని కేకేశారు. "ఆమా, ఎంగప్పా", అవును మా నాన్నే అని తనుశ్రీ అంతకన్నా గట్టిగా కేకేసింది. ఆమె మొహం వెలిగిపోతోంది. బయట అతని చుట్టూ జనం చేరి సెల్ఫీలు అడిగారు. తమిళంలో నాది కడంబత్తూరు అన్నాడు అతను. ఆహా, ఎంత బాగా తమిళం నేర్చుకున్నాడు అన్నారు వాళ్లు.

ఆదివారం తిరుత్తణి బయల్దేరాడు. దినకర్‌ను అడగాలి, కొండమీది బాకీ కూడా తీర్చుకోవాలి. చెప్పులేసుకుంటుంటే తనుశ్రీ పరుగున వచ్చింది.

"గుండు కొట్టించుకోవద్దు నాయినా. రేపు బళ్లో అందురూ నిన్ను చూస్తారంట. గుండుంటే గుర్తుపట్టరు."

"అది నీ కోసరం మొక్కినాది పాపా."

"నాకు వొద్దు."

దినకర్ వాళ్ల బట్టల కొట్లోనే కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి లేచి నిలబడ్డాడు. తప్పించుకోకుండా నిజమే చెప్పాడు, అంతవరకు మంచివాడే. "ముందుగా కొందరికి వేసి చూపిస్తిమన్నా. నీ డైలాగు రాగానే హాలు గమ్మునైపాయె. నవ్వుకుంటా పోవాల్సినోళ్లు తలకాయ దించుకుని పోయినారు. సినిమా కొన్నోళ్లు ఒప్పుకోలే. కామెడీ సినిమా నవ్వుతో ముగియల్ల అన్నారు. నేను శానా కొట్లాడినా."

"గమ్మునైపోయినారా?" అని అడిగాడు చెంగల్రాయుడు. ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక్కసారి తన పేరు విన్నారు. వినడం వల్లే దాన్ని తీసేశారు. ఇంకేం అడగాలో తోచక కొట్లోంచి బయటికొచ్చాడు. దినకర్ వెనకనుంచి పిల్లకు గౌను గుడ్డ తీసుకుపొమ్మన్నాడు. తీసుకోలేదు.

తలనీలాల మండపంలో మంగలి ముందు కూర్చున్నాడు. జుట్టు తడిపి, మంగలి కత్తికి బ్లేడు మార్చాడు. ఆ బ్లేడు చూస్తూ చెంగల్రాయుడు తన మొక్కు ఏమిటో గుర్తుచేసుకున్నాడు. బిడ్డ నలుగురిలో నాయినా అని పిలవాలి. పిలిచింది. థియేటరు నిండా జనంలో పిలిచింది. స్వామి మాట తప్పలేదు. ఇప్పుడు బాకీ తీర్చకపోతే తనదే తప్పు, తీరిస్తే పిల్ల మళ్లీ మూల దగ్గర దిగేస్తుంది. లేచి నిలబడ్డాడు.

"ఏం సామీ?" అన్నాడు మంగలి.

"మా పాప వొద్దనింది" అని చెప్పి, తడి తలతోనే రైలెక్కాడు.

సోమవారం పొద్దున శోభన, "పోవద్దు మామా. లీవు పెట్టి ఇంట్లో ఉండు. రెండు దినాలైతే మర్చిపోతారు" అంది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒక్క ఆశ ఇంకా చావలేదు. సినిమాలో పోయిన మాట నోట్లో ఉంది కదా, గేటు దగ్గర అదే చెబుతాను. పిల్లలేగా, వింటారు. వినక ఏం చేస్తారు?

మందుల షాపు మూల దాటినా తనుశ్రీ వీపు మీద తట్టలేదు. "గేటు దాకా పోనీ నాయినా, పోనీ" అంది. గేటు దగ్గర పిల్లలు కాచుకుని ఉన్నారు. బండి ఆగగానే చుట్టుముట్టారు. ఇద్దరు టీచర్లు కూడా నవ్వు దాచుకుంటూ మెట్ల మీద నిలబడ్డారు. ఆనాడు పొమ్మన్న వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు. తనుశ్రీ బండి దిగి తండ్రి చేయి పట్టుకుంది, అందరి ముందూ, గట్టిగా. ఆ చేయి అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో అతను లెక్క కూడా మరిచిపోయాడు.

"ఎంగప్పా," అని అందరికీ చూపించి, "చెప్పు నాయినా" అంది.

చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. పిల్లలకు అర్థం కావాలని తమిళంలో చెబుదామనుకున్నాడు గానీ, అలవాటైన మాటలు తెలుగులోనే వచ్చాయి. "నా పేరు చెంగల్రాయుడు. ఈ కొండమీది సామి పేరే నాకు పెట్టినారు. మాదీ ఈ గడ్డే."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ గమ్మునా ఉండిపోలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈయన వేరే ఎవరోనేమో అని కవిప్రియ అంది. సినిమాలో ఆయన ఇలా మాట్లాడడు అని ఇంకొక పిల్లవాడు తేల్చేశాడు. వెనకున్నవాళ్లు అప్పుడే లోపలికి మళ్లుతున్నారు. తన చేతిలోని చిన్న చేయి సడలడం చెంగల్రాయుడికి తెలిసింది. తనుశ్రీ తల ఎత్తి చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అది వొద్దు నాయినా," అంది మెల్లగా. "నీది చెప్పు."

అతను కూతురి వైపు చూశాడు. ఆ తర్వాత కళ్లు పెద్దవి చేసి, పెదాలు ముందుకు సాచి, చేతులు రెండూ పైకెత్తి, "గుంబలా బుంబలా" అన్నాడు.